గాసమ్మప్ప చూపిన నేలపువ్వు

లోయలోకి దిగే బాటలో మూడో మలుపు దాటగానే తడి సున్నపు వాసన వస్తుంది. ఎండలు ముదిరినా ఆ సున్నపురాతి గోడల మధ్య చెమ్మ ఆరదు. కొత్తగా వెల్ల వేసిన గదిలోకి అడుగుపెట్టినట్టుంటుంది. ఈ ఉదయం ఆ వాసన తగలగానే అలవాటుగా వెనక్కి తిరిగి, "అప్పా, జారుతుంది, చూసుకో" అన్నాను. వెనక ఎవరూ లేరు. గాసమ్మప్ప పోయి నాలుగేళ్ళయింది.

మా నాన్న మైదానం నుంచి వచ్చి అరకు దగ్గర కిరాణా కొట్టు పెట్టుకున్నారు. నాకు చిన్నప్పటి నుంచీ ఆయాసం. బడికి పంపడానికి భయపడి అమ్మే ఇంట్లో అక్షరాలూ ఎక్కాలూ స్తోత్రాలూ నేర్పింది. కిటికీ, దేవుడి గూడు, పుస్తకాలు, అదే నా లోకం. గాసమ్మప్ప కొండ మీది ఊరి నుంచి మా కొట్టుకు విస్తళ్ళు కుట్టే అడ్డాకుల మోపు తెచ్చేది. నాకు పన్నెండేళ్ళప్పుడు ఒకరోజు నన్ను కిటికీలో చూసి అమ్మతో అంది:

"అమ్మగోరూ, ఈ గుంటని ఊరగాయలాగ జాడీలో పెట్టి మూత బిగించినారేటి? నాతో లోయకి పంపండి. ఊపిరి అదే నేర్సుకుంటాది."

అమ్మ ఎలా ఒప్పుకుందో ఇప్పటికీ తెలియదు. ఆ ఒప్పుకోలుకు మాత్రం రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. మొదటిరోజు దిగువనున్న పెద్ద బండ చేరేలోపు నాలుగుసార్లు కూర్చున్నాను. కూర్చున్న ప్రతిసారీ ఆమె ఒక పువ్వును చూపించింది. ఆకంతా రాల్చేసి పసుపుపచ్చగా వెలిగే కొండగోగు, వాగు ఒడ్డున తెల్లని గిరిమల్లె. చివరికి బండ నీడలో వంగి, ఎండుటాకులు వేలితో పక్కకు జరిపింది. ఆకు లేదు, కాడ లేదు. మట్టిలోంచే నేరుగా విచ్చుకుని, తెల్లటి రేకుల మధ్య ఊదారంగుతో, తీయని వాసనతో ఒక పువ్వు. "నేలపువ్వు. బేగి సూడు, మధ్యానానికి వాడిపోతాది" అంది. ఆ తరువాత పదేళ్ళు ప్రతి వసంతంలోనూ ఇద్దరం దాన్ని చూసి వచ్చేవాళ్ళం. ఆమె ఒక్కటీ కోసేది కాదు. ఎందుకని నేను అడగలేదు.

ఇరవై రెండో ఏట శ్రీరామనవమికి ముందురోజు ఒంటరిగా లోయకు వెళ్ళి, బండ నీడలోని ఆ నేలపువ్వుల గుంపునంతా దుంపలతో సహా తవ్వి, డబ్బాలో పెట్టుకుని తెచ్చాను. ఇక ఏటేటా స్వామి పాదాల దగ్గర ఆ పువ్వు ఉండాలని నా ఆశ. తులసి పక్కన నాటి, రెండుపూటలా నీళ్ళు పోశాను. నాలుగోరోజు ఆకుల మోపుతో వచ్చిన గాసమ్మప్ప ఆ మట్టిని చూసి ఆగిపోయింది.

"తల ఏటి సేసినావు?"

"తలేమిటప్పా?"

"ఏ దుంప తవ్వినా మొలకొచ్చే తల కోసి ఆ గోతిలోనే నాటి రావాల. తినీది మనం, బతికీది అది. నీకు సెప్పలేదా నేను?"

"తినడానికి కాదప్పా, దేవుడికి."

"దేవుడికి దారి తెలీదేటి, ఇంత దూరం నువ్వు మోసుకొచ్చినావు?"

గొంతు పెంచలేదు. అప్పుడే దుంపలు తవ్వించింది. నీళ్ళెక్కువై చాలావరకు మెత్తబడిపోయాయి. గట్టిగా మిగిలిన రెండింటిని పట్టుకుని లోయకు వెళ్ళి, పాత చోటే నాటాం. మరుసటి వసంతంలో అక్కడ ఏమీ లేదు. ఆ పై ఏడాదీ లేదు. "కోపంగా ఉందా అప్పా?" అని అడిగితే, "కోపమెందుకు? ఒకప్పుడు ఈ బండకొచ్చేలోపు నాలుగుసార్లు కూకున్నావు. ఇప్పుడు నేను కూకుంటన్నాను, నువ్వు నిలబడ్డావు" అని నవ్వింది.

చివరి వసంతానికి ఆమె మంచం దిగలేని స్థితిలో ఉంది. లోయ నుంచి తిన్నగా ఆమె ఇంటికి వెళ్ళాను.

"పూసిందేటి?"

ఆ కళ్ళు చూసి, "పూసిందప్పా" అన్నాను.

"వాసనెలాగుంది?"

"తీయగానే ఉందప్పా" అంటూ మంచం కోడు వైపు చూశాను. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. "అబద్దమాడ్డం కూడా ఇంట్లోనే నేర్సినావేటి గుంటా? సరిగ్గా అబ్బలేదు నీకు. పూసినప్పుడు సూసొచ్చి సెప్పు." వానలు పడకముందే వెళ్ళిపోయింది.

ఈ ఉదయం పాత చోట ఎప్పటిలాగే ఎండుటాకులే ఉన్నాయి. లేచి వెనుదిరగబోతుంటే తీయని వాసన వచ్చింది. మూరెడు దిగువన, వాననీరు మట్టిని ఒరుసుకుపోయి చేర్చిన చోట, రాతి పగులు పక్కన రెండు నేలపువ్వులు! నా చేయి ముందుకు వెళ్ళింది. వెళ్ళి, ఆగింది. పక్కన కూర్చున్నాను. ఆయాసంతో కాదు. చెప్పుకోవడానికి ఎవరూ లేక, ఆ రాతిగోడలకు వినిపించేలా ఆమె మాటలోనే చెప్పాను: "అప్పా, రెండు పూసినాయి. వాసన సూసినాను." ఎండ వాటి మీదికి వచ్చేదాకా కదలలేదు.

సాయంత్రం దీపం వెలిగించి పూలపళ్ళెం ఖాళీగానే స్వామి ముందు పెట్టాను. ఎక్కడ పూశాయో చెప్పబోయి ఊరుకున్నాను. ఆయనకు దారి తెలుసు.