మాగిన నీళ్ల గది

మా తాత మద్దయ్య ఇంటి వెనకున్న మగ్గం గదిలో ఒక్కడే ఉండేవాడు. ఇంట్లో చోటు లేక కాదు, మేం తరిమేసీ కాదు. తనను తానే తరిమేసుకున్నాడు. ఎమ్మిగనూరులో మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు, మద్దయ్యకు నేతకంటే మొండితనం బాగా వచ్చని. నేత కూడా బాగానే వచ్చులెండి. ఆయన నేసిన దుప్పటి కప్పుకుంటే చలి దానంతటదే లేచిపోతుందని మా అవ్వ సుభద్రమ్మ అనేది. ఆయనకు వినపడేలా మాత్రం ఏనాడూ అనలేదు.

నా చిన్నప్పుడు తాతకు టీబీ వచ్చింది. ఇచ్చిన మాత్రలన్నీ మింగాడు, ఒక్కటీ వదల్లేదు. నయమైంది. మళ్లీ నేతకు కూర్చున్నాడు. కొన్నేళ్లకు దగ్గు తిరిగి మొదలైంది, ఒళ్లు తగ్గింది. కఫం పరీక్ష చేస్తే క్రిములు కనపడ్డాయి. పాతదే తిరిగొచ్చిందనుకున్నాం అందరం. తాత ఆ సాయంత్రమే చాప, చెంబు, పళ్లెం, రేడియో చంకన పెట్టుకుని పెరడు దాటి మగ్గం గదికి వెళ్లిపోయాడు. ఇంట్లో మా అన్న పిల్లలు అప్పుడు పాకుతున్నారు.

"నేను సచ్చినా పర్వాల్యా. ఆ పిల్లోల్లకు అంటిచ్చి సచ్చేది వద్దు" అన్నాడు.

అప్పటినుంచి మా అవ్వ కాపురం పెరడుకు ఇవతల, తాత కాపురం అవతల. మళ్లీ మాత్రలు మింగినా దగ్గు తగ్గినట్టే తగ్గి తిరగబెట్టేది, అందుకే ఆయన ఇంట్లోకి రాలేదు. అవ్వ వసారాలో రాట్నం మీద నూలు కండెలు చుట్టి, బుట్ట తీసుకెళ్లి మగ్గం గది మెట్టు మీద పెట్టేది. ఆమె వెనక్కి వచ్చేదాకా తాత తలుపు తీసేవాడు కాదు. అన్నం కూడా అలాగే. దగ్గరికి వెళ్లకూడదు కాబట్టి ఇద్దరూ అరుచుకుని మాట్లాడుకునేవాళ్లు.

"ఏమయ్యో, కూరలో ఉప్పు సరిపోయిందా?"

"ఉప్పులో కూర కొంచెం తక్కువైంది."

"రేపు రెండూ తక్కువ సేస్తాలే, తిందువు."

పక్కింటి హులిగమ్మత్త గోడ మీదినుంచి తల పెట్టి మరీ వినేది. అవ్వా తాతలు మాట్లాడకపోతే ఆమెకు పొద్దు గడిచేది కాదు.

పోట్లాట అయిపోయాక ఇద్దరూ పనిలో పడేవాళ్లు. తాత మగ్గం ఆడుతుంటే అవ్వ రాట్నం తిప్పేది. మగ్గం ఆగితే ఆమె చెయ్యి కూడా ఆగేది. దగ్గు వినపడుతుందేమోనని అటే చూస్తూ ఉండేది. దగ్గు తగ్గి మగ్గం మళ్లీ కదిలితే రాట్నం మళ్లీ తిరిగేది.

రెండేళ్ల కిందట అవ్వకు గుండె జబ్బు చేసింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక ముందు గదిలో పడుకోబెట్టాం. తాత పెరట్లోంచి చుట్టూ తిరిగి వచ్చి వీధి కిటికీ దగ్గర నిలబడ్డాడు. మూతికి తువ్వాలు కట్టుకుని కిటికీ చువ్వలు పట్టుకున్నాడు.

"లోపలికి రాయ్యా" అంది అవ్వ. అప్పటికే ఆమె గొంతు లేవడం లేదు. నేనే గట్టిగా చెప్పాల్సి వచ్చింది. "లోపలికి రమ్మంటాంది తాతా."

"పిల్లోల్లు ఉండారు గదే" అన్నాడు.

"ఇంగ నాకు అంటితే మాత్రం ఏమైతాది? రా" అంది అవ్వ.

ఆయన రాలేదు. కిటికీ దగ్గరే ఉన్నాడు. అవ్వ ఆ మధ్యాహ్నం పోయింది.

తర్వాత ఆయన ఎవరితోనూ అరిచి మాట్లాడలేదు. కండెలు నేను చుట్టడం మొదలుపెట్టాను. అవి చూసి "కండె సుట్టినావా, పిడక సేసినావా?" అని ఒకటి రెండు సార్లు తిట్టాడు. నేను సంబరపడ్డాను. కానీ ఆ తిట్లు కూడా నిలవలేదు. నేను వదులుగా చుట్టి ఇచ్చినా ఏమీ అనకుండా తనే విప్పి మళ్లీ చుట్టుకునేవాడు. సాయంత్రం రేడియో పెట్టేవాడు. వినడానికి కాదు, గదిలో ఇంకో గొంతు ఉండాలని.

ఆ గది గురించి చెప్పాలి. మా వైపు ఎండలకు నూలు పోగు ఊరికే తెగుతుంది. గదిలో చెమ్మ ఉంటేనే మగ్గం మీద సాగదీసిన పడుగు పోగులు నిలుస్తాయి. అందుకని నేతగాళ్లు కిటికీలకు తడి గోనెలు కడతారు, కాళ్లు దించుకునే మగ్గం గుంటలో నీళ్లు చల్లుతారు. మా తాత అంతటితో ఆగే రకం కాదు. పత్తి చేలకు మందు కొట్టే పంపు ఒకటి కొత్తది తెచ్చుకున్నాడు. అందులో మంచినీళ్లు పోసి వీపుకు తగిలించుకుని పడుగు మీద, గోనెల మీద, గోడల మీద పొగమంచులా కొట్టేవాడు.

"ఏం మామా, మగ్గానికి పురుగు పట్టిందా?" అని హులిగమ్మత్త అరిచింది మొదటిసారి చూసినప్పుడు.

"పురుగు గోడ మీద తల పెట్టి సూస్తాంది. ముందు దానికి కొట్టాల" అన్నాడు తాత. అప్పుడు అవ్వ ఉంది. ఆ మాటకు ఆమె ఎంత నవ్విందో.

పంపులోకి నీళ్లు గదిలో ఉన్న సిమెంటు తొట్టిలోంచి తీసేవాడు. బోరునీళ్లు ఉప్పన, పోగును బిరుసు చేస్తాయట. కొళాయి నీళ్లు పట్టి తొట్టిలో నిలవ ఉంచాలట. "నీళ్లు మాగాల అమ్మీ, అప్పుడే పోగు మెత్తగైతాది" అనేవాడు, మామిడికాయల గురించి చెప్పినట్టు. తొట్టి సగమైతే పైన పోసేవాడు తప్ప ఎన్నడూ ఖాళీ చెయ్యలేదు, చెయ్యనివ్వలేదు. లోపలి గోడలు ముట్టుకుంటే పాచి జారేది. నేను ముక్కు మూసుకుంటే "మిల్లు సీరలు అమ్మేదానివి, నీకేం తెలుస్తాది" అనేవాడు. నిజమే. నేను తొమ్మిదితో బడి మానేసి ఆదోనిలో బట్టల కొట్లో పని చేస్తున్నాను. రోజూ బస్సులో పోయి వస్తాను.

పోయిన ఏడాది దగ్గు ఇంకోసారి తిరగబెట్టింది. ఈసారి కఫంలో రక్తపు చారలు కనిపించాయి. "దాన్ని రానీ, నన్ను తీసుకపోనీ" అని కూర్చున్నాడు. ఆయన్ను ఆదోనికి తీసుకెళ్లడం ఎద్దును బస్సెక్కించినట్టే అయింది. బస్సులో మూతికి తువ్వాలు కట్టుకుని, ఖాళీ సీట్లున్నా వెనక తలుపు దగ్గరే నిలబడ్డాడు. కండక్టరు కూర్చోమంటే చెవులు వినపడనట్టు నటించాడు.

ఊపిరితిత్తుల డాక్టరు పేరు శ్రీలక్ష్మి. పాత ఎక్స్‌రేలు అన్నీ దీపం ముందు పెట్టి చూసింది. ఏం పని చేస్తావని అడిగితే తాత ఉత్సాహంగా తొట్టి గురించి, పంపు గురించి, మాగిన నీళ్ల గురించి చెప్పుకొచ్చాడు. ఆమె రాయడం ఆపేసి ఆయన ముఖం చూసింది. "ఆ తుంపరలోనే కూర్చుని నేస్తావా?" అంది. "తుంపర ల్యాకపోతే పోగు తెగుతాది గదమ్మా" అన్నాడు జాలిగా, పాపం ఈమెకు ఏమీ తెలియదే అన్నట్టు. కఫాన్ని క్రిమి పెరిగేదాకా ఉంచి, అది ఏ జాతిదో చూడాలని ఆమె పెద్ద ఊరి ల్యాబుకు పంపింది.

ఫలితం రావడానికి చాలా వారాలు పట్టింది. వచ్చాక కొట్టు నుంచి నేనొక్కదాన్నే వెళ్లాను.

"ఇది టీబీ కాదమ్మా" అంది ఆమె. "టీబీ క్రిమికి చుట్టాలు చాలా ఉన్నాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇవి మట్టిలో, నిలవ నీళ్లలో, తొట్టి పాచిలో బతుకుతాయి. మనందరం పీలుస్తూనే ఉంటాం, మనల్ని ఏమీ చెయ్యవు. మీ తాతకు ముందొచ్చిన టీబీ ఊపిరితిత్తులను గుంతలు గుంతలు చేసి పోయింది. అక్కడ కఫం నిలుస్తుంది. ఇవి అక్కడ కాపురం పెట్టాయి."

"మరి తగ్గి తగ్గి మళ్లీ ఎందుకొస్తోంది?"

"పాతది పూర్తిగా చావకపోయినా రావచ్చు. తగ్గాక అవే నీళ్లు మళ్లీ పీల్చినా రావచ్చు. ఆ నీళ్లు పరీక్ష చేయిస్తే గానీ తొట్టిలోనే ఉందని గట్టిగా చెప్పలేను. కానీ అంతవరకు ఆగొద్దు. ఆయన ఆ గదిలో ఉంటే నేనెన్ని మందులిచ్చినా దండగ."

కఫంలో క్రిమి కనపడకుండా పోయాక కూడా ఏడాదిపాటు మందులు మానకూడదని చెప్పింది. ఊపిరి బిగబట్టి, వదిలి, పొద్దున సాయంత్రం కఫాన్ని బయటికి తెచ్చే పద్ధతి నాచేత చేయించి చూపింది. ఒళ్లు పట్టేలా తినిపించమంది, తడిమట్టి తవ్వే పని పెట్టుకుంటే ముక్కు నోరు కప్పుకోమంది. ఎండాకాలం మగ్గం మూసెయ్యాలి. వానాకాలం గాలిలో చెమ్మ ఉన్నప్పుడు కిటికీలు తెరిచి నేసుకోవచ్చు, ఒంట్లో శక్తి వచ్చాక.

నేను లేస్తుంటే, "ఒక మంచి మాట కూడా చెప్పు తాతకి. ఇది ఆయన నుంచి ఇంట్లో వాళ్లకు అంటే జబ్బు కాదు" అంది.

"ముందుసారి వచ్చింది కూడా ఇదేనా?" అని అడిగాను. ఆమె పాత కాగితాలు మళ్లీ తిప్పింది. "మొట్టమొదటిది టీబీయే. అప్పుడు జాగ్రత్తపడటం మంచిదే. ఆ తర్వాత మొదలైంది మాత్రం ఇదే అయ్యుండాలి" అంది.

ఎమ్మిగనూరు బస్సు పత్తి బేళ్ల లారీ వెనక నింపాదిగా పోతోంది. అదే మొదటిసారి, బస్సు ఇంకా నింపాదిగా పోతే బాగుండును అనిపించింది. ఆమె మంచి మాట అంది. ఆ మాట తాతకు చెబితే, కిటికీ దగ్గర నిలబడిన ఆ మధ్యాహ్నాన్ని ఆయన చేతికి తిరిగి ఇచ్చినట్టే. సగం చెప్పి సగం దాచేద్దామని దిగేలోపు నిర్ణయించుకున్నాను. గది వదలమందని చెబితే చాలు.

"వదిలి యాడికి పోవాల?" అన్నాడు తాత.

"ఇంట్లోకి."

"నీ అన్న పిల్లోల్లకు అంటిచ్చడానికా? ఆ డాక్టరమ్మకు బుద్ధి ల్యాకపోతే నీకన్నా ఉండొద్దా?"

"నాకు బుద్ధుంటే బడి ఏంటికి మానేస్తా తాతా?"

ఆయన నవ్వలేదు. "గది మంచిది కాదంటే పెరట్లో పందిరేసుకుంటా. పో."

ఒప్పుకుందామనుకున్నాను. పందిరి వేయిస్తే గదీ తప్పుతుంది, ఆ మాటా తప్పుతుంది. అంతలో ఆయనకు దగ్గు వచ్చింది. నా మీద పడకూడదని గోడ వైపుకు పరుగెత్తాడు. వంగిపోయి, ఒక చెయ్యి గోడకు ఆనించి, రెండో చెయ్యి నావైపు అడ్డం పెట్టి దగ్గాడు. రావద్దని ఆ చెయ్యి. వీపు ఎముకలు చొక్కాలోంచి కనపడుతున్నాయి. పందిట్లో కూడా ఈయన ఇలాగే దగ్గుతాడు, ఇలాగే పోతాడు అనుకున్నాను.

"తాతా, ఇది అంటదంట."

ఆయన తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. "ఏది?"

"నీ దగ్గు. నీళ్లలో ఉండే పురుగంట. నీకు నీళ్లనుంచి వచ్చిందంట. నీనుంచి మాకు రాదంట."

"ఎప్పటినుంచి రాదు?"

ఈ ప్రశ్నే అడుగుతాడని నాకు తెలుసు. "మొదటిది టీబీనే. అప్పుడు నువ్వు సేసింది సరిగ్గానే సేసినావు. మళ్లీ వచ్చినప్పటినుంచి ఇదే అయ్యుంటాదంట."

"అంటే సుభద్ర పోయినప్పుడు?"

"ఇదే తాతా."

ఆయన మగ్గం గుంట అంచున కూర్చున్నాడు. "పిలిచింది గదమ్మీ" అన్నాడు. "రెండు తూర్లు పిలిచింది."

నేను వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. ఈసారి లేచి పొమ్మనలేదు.

మర్నాడు మా నాయన మూతికి గుడ్డ కట్టుకుని తొట్టి ఖాళీ చేశాడు, గోనెలు తీసి కాల్చేశాడు, కిటికీలు తెరిచాడు. ఎండ లోపలికి పడి మగ్గం మీద దుమ్మంతా కనిపించింది. తాత పెరట్లో దూరంగా కూర్చుని చూశాడు. హులిగమ్మత్త గోడ మీదికి తల పెట్టి, ఆయన ముఖం చూసి దిగిపోయింది.

సాయంత్రం అన్నాలకు పిలిస్తే వచ్చాడు. గడప దగ్గర కాసేపు ఆగాడు, మేమెవరం చూడనట్టు నటించాం. లోపలికి వచ్చి అందరికీ దూరంగా తలుపు పక్కన కూర్చున్నాడు. నేను పళ్లెం తీసుకుని వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన కొంచెం అవతలికి జరిగాడు. నేనూ జరిగాను. మళ్లీ జరిగాడు. నేనూ మళ్లీ జరిగాను. పిల్లలు తినడం మానేసి చూస్తున్నారు. చివరికి ఆయన భుజం మూల గోడకు తగిలింది.

"గోడ వచ్చేసింది తాతా. ఇంగ యాడికి పోతావు?"

ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. తర్వాత ఇటు తిరిగి, నా భుజానికి భుజం తగులుతున్నా జరగకుండా, అన్నం కలుపుకున్నాడు.