ఐదో నంబరు మీద అతికించిన కాగితం

మొన్న బుధవారం పొద్దున సూర్యాపేట నుంచి ఫోన్ వచ్చింది. కూతురింట్లో ఉంటున్న మా పాత పక్కింటి సారు పోయారని ఆయన భార్య చెప్పింది. ఆయనతో నేనాడిన ఒక అబద్ధం అలాగే ఉండిపోయింది.

కోదాడ మనిషి. వరి తెగుళ్ల మీద పనిచేసి రిటైరై, మిర్యాలగూడలో మా గోడ పక్కనే పదేళ్లు ఉన్నారు. నేను బియ్యం చెరుగుతుంటే చేటలోంచి ఒక గింజ తీసి కొరికి చూడందే కదిలేవారు కాదు.

పరిశోధనకు డబ్బు కావాలని ప్రభుత్వానికి పెట్టుకున్న దరఖాస్తులు ఏటా హైదరాబాదు నుంచి ఆయనకు పోస్టులో వచ్చేవి. ఏది మంచిదో చదివి మార్కులు వేసి పంపాలి. మా వంటింటి డబ్బాల మీద నేను అంటించిన చీటీలు చూసి, ఒకసారి ఆ కట్ట తెచ్చి నా ముందు పెట్టారు.

"నేను చదవకముందే పేర్లన్నీ మూసేసి నంబర్లు వెయ్యమ్మా. ఎవరిది ఏ నంబరో నాకు తెలియకూడదు."

"ఎందుకు సార్ గింత కష్టం?"

"పేరు కనపడితే ముందు కులం గుర్తొస్తుంది, తర్వాత ఊరు. వరి ఆఖర్న గుర్తొస్తుంది."

అప్పటినుంచి ఏటా మైదా ఉడికించి, పేర్ల మీద ఖాకీ కాగితం అంటించేదాన్ని. ఆయన దగ్గర ఉంచుకునే నకళ్లకు కూడా.

ఒక ఏడు ఐదో నంబరుకు మొదటి స్థానం ఇచ్చారు. మెడవిరుపు తెగులును ముందే పసిగట్టే పని అది. "ఇది జరిగితే మన కాలవ కింద రైతు గట్టెక్కుతాడమ్మా" అని మురిసిపోయారు. కవరు ఇంకా అంటించలేదు, ఒక నాయకుని మనిషి వచ్చి కూర్చున్నాడు.

"మా సారు మేనల్లుని కాయిదం మీ తాన ఉన్నదట. జర సూడున్రి" అని పేరు చెప్పాడు.

అది ఐదో నంబరే. నా మొహం మారిందేమో, సారు చెయ్యి అడ్డం పెట్టారు. "నువ్వేం చెప్పకమ్మా."

మార్కులు మార్చలేదు. ఫలానా అతని కోసం సిఫారసు వచ్చిందని మాత్రం ఒక కాగితం రాసి, జతచేసి పంపేశారు.

రెండు నెలలకు ఆ మనిషే మా గల్లీలో నిలబడి అరిచాడు. "నువ్వు రాసిన చీటీతోనే మా పిలగాని కాయిదం వాపస్ అచ్చింది! ఏం కడుపుమంటయ్యా నీకు?"

ఇగో, నీ పిల్లగానికే ఫస్టు మార్కులు వేసిండు అని నోటిదాకా వచ్చింది. సారు చెప్పొద్దన్న మాట గుర్తొచ్చి మింగేశాను. మరుసటేడు సారుకు కట్ట రాలేదు.

"కట్ట రాకపోతే పోయింది. ఐదో నంబరుకు డబ్బొచ్చే ఉంటుంది కదమ్మా?" అని ఒకరోజు గోడ మీంచి అడిగారు.

"వచ్చే ఉంటది సార్" అన్నాను.

సిఫారసు సంగతి రాయడం తప్పా? రాయకుంటే మూసిన పేర్లకు అర్థమేముంది? మరి ఆ మంచి పని ఎవరి వల్ల ఆగినట్టు? మెడవిరుపుతో వరి కంకులు తెల్లబోయిన ప్రతిసారీ ఇదే ఆలోచన.

సూర్యాపేట వెళ్లినప్పుడు ఆయన దాచుకున్న నకళ్ల ఫైలును ఆయన భార్య నా చేతికిచ్చింది. "నీ చేతి పనే గదమ్మా, నువ్వే తీస్కపో."

ఐదో నంబరు తీసి చూశాను. నా ఖాకీ కాగితం అలాగే ఉంది. ఒక మూల మాత్రం ఎప్పుడో లేచినట్టుంది. లేచిందో, ఆయనే లేపారో. దాన్ని మళ్లీ అతికించి ఉంది. మైదాతో కాదు. కాగితం అంచున, ఎండి గట్టిపడిన ఒక అన్నం మెతుకు.