ఒంటి అంకెకు తోడు

నీలవేణి లెక్కలు నేర్చుకున్నది పలక మీద కాదు, చేపల గంప ముందు. శ్రీకాకుళం దగ్గరి సముద్రపు ఒడ్డు పల్లెలో ఆమె తల్లి మరిడమ్మ ఎండుచేపలు అమ్మేది. వాళ్లు చేపలను జతల్లో లెక్కపెట్టేవారు. చివర ఒంటిగా మిగిలినది కొన్నవాళ్లకు కొసరు. ఏడో తరగతికి వచ్చేసరికి నీలవేణి వేళ్లు చూపుకన్నా ముందే జతలు కట్టేసేవి. ఆ వేళ్లే ఆమె కొంప ముంచాయి.

1983లో ఒకరోజు నారాయణమూర్తి మాస్టారు 2.5కి వర్గమూలం కట్టమన్నారు. నీలవేణి చుక్కను లెక్కచేయలేదు. రెండునీ అయిదునీ జత కట్టి, ఇరవై అయిదు అనుకుని, దర్జాగా 0.5 అని రాసేసింది.

మాస్టారు నవ్వారు. “అరని అరతో గుణించి సూడే. పావే వస్తాది, రెండున్నర ఏదీ? సుక్క కాడ్నుంచి అటూ ఇటూ జతలు కట్టాల. ఇటేపు అయిదు ఒంటిదైపోనాది కదా, దాని పక్కన సున్నాని తోడెట్టు. కొసరిచ్చీడానికి ఇదేటి ఎండుసేపా? రేపొచ్చి సేసి సూపించు.”

ఆ మర్నాడే మరిడమ్మ మంచం పట్టింది. గంప నీలవేణి నెత్తికెక్కింది. బడి గంట వినపడితే చాలు, ఎన్నో ఏళ్లపాటు ఆమెకు ఏడుపొచ్చేది.

తరవాత అంగన్‌వాడీలో ఆయాగా చేరింది. టీచరు కావాలంటే పది పాసవ్వాలి. ఓపెన్ స్కూల్లో అన్నీ గట్టెక్కాయి, లెక్కలు మాత్రం రెండుసార్లు పోయాయి. 2014లో మూడోసారి కూర్చుంది, ఇదే ఆఖరని ఇంట్లో చెప్పేసి మరీ.

ప్రశ్నపత్రంలో అదే లెక్క! 2.5కి వర్గమూలం, రెండు దశాంశ స్థానాల వరకు. పాత వేళ్లు ఊరుకుంటాయా, రెండునీ అయిదునీ జత కట్టబోయాయి. నీలవేణి పెన్ను ఆపింది. రెండును విడిగా ఉంచి, అయిదు పక్కన సున్నా పెట్టింది. రెండులో ఒకటి పోగా ఒకటి మిగిలింది. యాభై దింపితే నూటయాభై. అందులో ఇరవై అయిదు అయిదులు పోయాయి. ఇంకో జత సున్నాలు దింపితే ఎనిమిది వచ్చింది. 1.58. గుణించి చూస్తే రెండున్నరకు రవ్వంత తక్కువ. హాల్లోనే కళ్లు తుడుచుకుంది.

లెక్కల్లో సరిగ్గా ముప్పై అయిదు వచ్చాయి. ఆ మార్కుల కాగితంతో పాటు, లెక్కను మళ్లీ చేసిన తెల్లకాగితం కూడా పట్టుకుని అరసవల్లిలో మాస్టారింటికి వెళ్లింది. ఎనభై దాటిన మనిషి, గుర్తుపడతారో లేదోనని దారంతా బెంగే.

మాస్టారు మార్కుల వైపు చూడనేలేదు. తెల్లకాగితం అందుకుని, అయిదు పక్కనున్న సున్నా మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు.

“రేపు రమ్మన్నాను కదే, నీలవేణీ. ఇంత ఆలీసమేటే?”