చిన్నమ్మ తలలో నా జడ

మా ఇంట్లో నాకు దువ్వెన పిచ్చి ఉందని అందరూ నవ్వుతారు. పాలమూరులో మనవడు కట్టుకున్న ఇంట్లో పొద్దున్నే మునిమనవరాలిని ముందర కూర్చోబెట్టుకుని, అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని, పళ్లు అరిగిన చెక్క దువ్వెనతో దాని జుట్టు కొసదాకా చిక్కు లేకుండా దువ్వితే తప్ప నాకు చాయ్ సయించదు. అందరికీ కమ్మగా తోచే ఆ నూనె వాసనకు నాకు ఇప్పటికీ భయమేస్తుంది. ఆ భయం ఎందుకో ఈ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

కల్వకుర్తికి పోయే బాట నుంచి రెండు కోసులు లోపలికి నడిస్తే మా ఊరు. ఊరి చివర మా మాదిగవాడ, వాడ చివర వేపచెట్టు కింద ఎల్లమ్మ గుడి, గుడి పక్కనే మా అమ్మ చెల్లెలు బాలమ్మ గుడిసె. చిన్నమ్మ జోగిని. గత్తరొచ్చి ఇద్దరు కొడుకులు ఒకే వారంలో పోయినప్పుడు మా అవ్వ మిగిలిన పిల్లల కోసం ఎల్లమ్మకు మొక్కిందట. ఇద్దరు ఆడపిల్లల్లో మా అమ్మది చామనఛాయ. చిన్నమ్మ నాలాగే నలుపు. "కర్రెదాన్ని ఎవడు చేసుకుంటడు, తల్లికే ఇద్దాం" అని పెద్దలు తేల్చేశారు. దేవతకిచ్చిన మనిషికి ముండమోపితనం లేదు గనుక ఊళ్లో పెండ్లికూతుళ్ల నల్లపూసలు ఆమే గుచ్చాలి, శవం లేస్తే డప్పుల ముందర ఆమే ఆడాలి, ఊరి మగవాళ్లు తలుపు కొడితే ఆమే తీయాలి. ఈ చివరిది నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు.

నాకు తెలిసిందల్లా మంగళవారం, శుక్రవారం ఆమె ఐదిండ్లలో జోగడిగి తెచ్చిన జొన్నలతో వండే గటక, దానిమీద పోసే పచ్చిపులుసు, వానాకాలంలో ఆమె పొయ్యి మీద కాలే మక్కకంకులు, ఆమె వాకిట్లో మేం ఆడుకునే కచ్చకాయలు, అట్టలు కట్టి నడుము దాకా తాళ్లలా వేలాడే ఆమె జడలు. దువ్వెన తగలని ఆ జడల్లో పసుపు, చెమట, వేపాకు కలిసిన వాసన ఉండేది. ఎల్లమ్మతో సొంత అక్కతో మాట్లాడినట్టే మాట్లాడేది. విగ్రహం కడుగుతూ, "నీకేం తల్లీ, కడిగేటందుకు నేనున్న. నాకెవలున్నరు?" అని దెప్పేది. ఒకసారి మా అమ్మతో అంటుంటే విన్నాను: "నేను రమ్మంటె వచ్చినోడు ఒక్కడు లేడక్కా. అందరు వాళ్లంతట వాళ్లొచ్చినోళ్లే. ఎవలన్న ఒకర్ని నేనే పిలువాలని నాకుండదా?" అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది.

సంఘం వాళ్లు మా ఊరికి వచ్చి, దొర గడికి వెట్టి చేయొద్దని చెప్పిన సాయంత్రం వాడంతా కంబళ్లు పరుచుకుని కూర్చుంది. మీటింగు మధ్యలో చిన్నమ్మ లేచింది. "దొరకు వెట్టి బంద్ అన్నరు, మంచిదే. ఊరందరికి నేను చేసే వెట్టి ఎన్నడు బంద్ అయితదన్నా?" మగవాళ్లు పగలబడి నవ్వారు. మాట్లాడుతున్న మనిషి మాత్రం నవ్వలేదు, నేల చూపులు చూస్తూ, "ముందుగాల భూమి రానీ అక్కా" అన్నాడు. ఆమె కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

ఆ వానాకాలమే రజాకార్లు పక్క ఊరిని కాల్చారు. మేం ముసలీ ముతకా సహా గుట్టల్లోకి పారిపోయి, పగలు బండల సందుల్లో, పొద్దువాలితే జొన్న చేలల్లో బతికాం. చుక్క నూనె లేదు, దువ్వెన లేదు. మిలిట్రీ వచ్చిందని, ఇక భయం లేదని కబురొచ్చి ఇల్లు చేరేసరికి నా నెత్తిమీద జుట్టు అతుక్కుపోయి వెనకాల ఒక జడ కట్టింది. పేలు చూడబోయిన అవ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది. "తల్లి అడిగిందే" అని నా కాళ్లకు మొక్కింది. తొమ్మిదేళ్లదాన్ని, నా కాళ్లకు! ఎల్లమ్మ జడ పడ్డ తలకు దువ్వెన తగిలించకూడదు. మాఘపున్నమి జాతరలో నన్నూ దేవతకు ఇవ్వాలని నిశ్చయమైంది. అమ్మ ఏడ్చింది గానీ కాదనలేదు. నేను మాత్రం కొత్త చీర వస్తుందని మురిసిపోయాను.

జాతర వారం ఉందనగా, అందరూ కందులు కొట్టడానికి పోయిన పూట, చిన్నమ్మ నన్ను గుడి ముందర కూర్చోబెట్టింది. మా బాపు తోలు కోసే కత్తి ఆమె చేతిలో ఉంది. ఎల్లమ్మకు దండం పెట్టి, నా జడ మొదట్లో పట్టుకుని ఒక్క కోత కోసింది. దాన్ని తన జడల్లో కలిపి ఎర్రదారంతో గట్టిగా కట్టుకుంది. "ఇగో తల్లీ, నీ జడ యాడికి పోలే, నా నెత్తిమీదనే ఉన్నది. ఏమన్నుంటే నన్నడుగు. గీ పోరి జోలికి రాకు." ఆమె గొంతులో ఎదిరింపు లేదు, బతిమాలడమే. మిగిలిన నా జుట్టుకు నూనె పెట్టి, గుడిసెలో నీళ్ల కడ్వ వెనకాల దాచిపెట్టిన చెక్క దువ్వెన తీసి చిక్కు విప్పుతూ సాయంత్రం దాకా కూర్చుంది. పోయేటప్పుడు ఆ దువ్వెనను నా చేతిలోనే పెట్టింది. ఆ దువ్వెన ఎప్పుడు కొన్నదో, ఎవరి తల దువ్వుకుందామని కొన్నదో అడిగే తెలివి నాకు లేదు.

"నేనే కోసిన" అని ఊరి ముందు ఒప్పుకుంది. జడ పోయిందని నన్ను దేవతకివ్వడం ఆపేశారు. ఆమెకు జోగు పెట్టడం మానేశారు, పెండ్లిండ్లకు పిలవడం మానేశారు. తలుపు కొట్టడం మాత్రం మానలేదు. అమ్మ నన్ను అటువైపు పోనివ్వలేదు. నిజానికి నేనే పోలేదు. నా జడ ఆమె తలలో వేలాడుతోంది కదా, ఎల్లమ్మ దాన్ని గుర్తుపట్టి నా వెంట వస్తుందని భయం. ఆమె మా వాకిటి ముందు నుంచి పోతుంటే తలుపు వెనక దాక్కునేదాన్ని. ఒకనాడు సందులోంచి చూస్తున్న నన్ను చూసింది. పిలవలేదు. తల మీద కొంగు కప్పుకుని, జడలు కనబడకుండా, నడిచిపోయింది.

ఆ ఎండాకాలం ఊరిమీద అమ్మవారు పోసింది. ముందుగా చిన్నమ్మే పోయింది. తల్లి తన బాకీ తీర్చుకుందన్నారు. ఊళ్లో ఎన్ని శవాల ముందరో ఆడిన మనిషి శవం ముందు ఆడేవాళ్లు లేరు, డప్పు కూడా లేదు. నా జడ ఆమెతోనే మట్టిలోకి పోయింది. ఒక్కసారి తలుపు తీసి "చిన్నమ్మా" అని ఉంటే ఏమయ్యేదని ఇన్నేళ్లూ ఏడుస్తూనే ఉన్నాను.

ఇప్పుడు గుడిసె జాగాలో సిమెంటు రోడ్డు పడింది. వేపచెట్టు లేదు. గుడికి టైల్స్ వేశారు. బాలమ్మ ఎవరని అడిగితే వాడలో పిల్లలు మొహాలు చూసుకున్నారు. మిగిలింది ఈ దువ్వెన ఒక్కటే.

"నొస్తుందవ్వా! చిక్కుంటే ఏమైతది?" అని ఇవాళ పొద్దున మునిమనవరాలు విసుక్కుంది.

"ఏం గాదు బిడ్డా" అన్నాను. బయట బడి బస్సు హారన్ కొట్టింది. పిల్ల లేవబోతే భుజం పట్టుకుని కూర్చోబెట్టాను. ఇంకా ఒక చిక్కు ఉంది.