ఆంటీ గొంతు, నా తెలుగు

నిన్న పుంగ్గోల్ వెళ్ళే రైల్లో నిలబడి ఫోన్ చూస్తుంటే ఒక వార్త కనిపించింది. రేడియో, టీవీ కార్యక్రమాలకిచ్చే అంతర్జాతీయ అవార్డు ఈసారి ఎవరో ముసలమ్మ మాటలతో చేసిన రేడియో కథనానికి వచ్చిందట. దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది.

కంప్యూటర్ చదువుకున్నవాళ్ళని కంపెనీలు విమానాల్లో దింపుకుంటున్న రోజుల్లో నేనూ సింగపూర్ వచ్చాను. లిటిల్ ఇండియా దగ్గర ఒక ఆంటీ ఫ్లాట్‌లో గది తీసుకున్నాం, నేనూ ఒక తమిళమ్మాయీ. ఆంటీ తాతగారు కోస్తా నుంచి ఓడెక్కి వచ్చారట. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. తెలుగు మాట్లాడడమే గాని చదవడం రాదు. నేనేమో మనుషులు ఎదురుపడితే తల దించుకుని, గదిలోకి వెళ్ళాక డైరీలో పేజీలకు పేజీలు మాట్లాడే రకం. ఆవిడ రోజూ "ఏమ్మా, మకాన్ అయిందా? చేపల పులుసుంది, కూర్చో" అనేది. మకాన్ అంటే భోజనమని తెలిసేలోపే రెండు కిలోలు పెరిగాను.

రేడియోలో పనిచేసే మా తమిళమ్మాయి, ఆంటీ వాళ్ళమ్మ కథ రికార్డు చేసి ఆ అవార్డుకు పంపుతానంది. తెలుగు చూసుకునే పని నాది. వంటింట్లో టేపు తిరుగుతుంటే ఆంటీ చెప్పుకుపోయింది. "మా అమ్మ పొద్దున్నే పసార్‌కి పోయి కూరగాయలు అమ్మేది. ఒక చేతికి బుట్ట, ఒక చేతికి నేను. యుద్ధంలో జపానోళ్ళు వచ్చినప్పుడు బుట్ట ఇడిసేసింది, నన్ను ఇడవలేదు."

నాకు ఏడుపు రావాల్సింది. సిగ్గేసింది. వినేవాళ్ళు ఇదే తెలుగనుకుంటారేమోనని మొత్తం తిరగరాశాను. అమ్మ మాతృమూర్తి అయింది. బుట్ట అసలు లేకుండా పోయింది. నేను వాక్యం వాక్యం చెబుతుంటే ఆంటీ వారం రోజులు గిన్నెలు తోముతూ బట్టీ పట్టింది. "ఇది మా అమ్మేనా?" అని ఒకసారి అడిగింది. "పుస్తకాల్లో ఇలాగే ఉంటుంది ఆంటీ" అన్నాను. "సరేలే, చదువుకున్నదానివి." మొదటి టేపు మీదే రెండోది రికార్డు చేశాం.

అవార్డు రాలేదు. కథ బాగుంది గాని చెప్పినావిడ పాఠం అప్పజెబుతున్నట్టుందని న్యాయనిర్ణేతలు రాశారు. "ఏమన్నారు?" అంది ఆంటీ. "రాలేదాంటీ" అన్నాను. ఆవిడ చేతులు తుడుచుకుంటూ, "నా తెలుగు బాలేదు కదా" అంది. మీ తప్పు కాదు, నాది అని అప్పుడే చెప్పాల్సింది. నేను గదిలోకి వెళ్ళి ఆ మాట డైరీలో రాసుకున్నాను.

మర్నాటి నుంచి ఆవిడ నాతో ఇంగ్లీషులోనే మాట్లాడింది. "ఈట్ ఆల్రెడీ?" అనేది. పులుసు అదే, ఆప్యాయతా అదే. నేను గది ఖాళీ చేసేదాకా మళ్ళీ ఒక్క తెలుగు ముక్క వినలేదు.

ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆ బుట్ట మాటలు ఆవిడ అచ్చంగా అలాగే అందో, ఇన్నేళ్ళుగా తలుచుకుంటూ వాటినీ నేను కొద్దికొద్దిగా దిద్దేశానో ఇప్పుడు తేల్చి చెప్పలేను.