చొక్కాల్లో కాసిన పుచ్చకాయలు

మా తమ్ముణ్ణి బస్సు డిపోలో అందరూ పుచ్చకాయ అని పిలిచేవారు. పొట్ట చూసి ఆ పేరు పెట్టారో, ఎప్పుడు చూసినా పెరట్లో కాయల గురించే వాగుతాడని పెట్టారో నాకు తెలియదు. వాడికి మాత్రం ఆ పేరంటే మహా గర్వం. "డ్రైవర్లు బోలెడుమంది ఉంటారక్కా. పుచ్చకాయ ఒక్కడే" అనేవాడు. మొద్దు వెధవ. యాభై నిండకుండానే, డ్యూటీ దిగుతూ దిగుతూ, స్టీరింగు మీదికి వాలిపోయాడు.

వాడి పెరడు ఎంతని! రెండు మంచాలు వేస్తే మూడోదానికి చోటుండదు. నేల చాలక పందిరి వేసి తీగల్ని పైకెక్కించాడు. పుచ్చ, కర్బూజ, ఓ మూల దోస. పందిరికి వేలాడే కాయకు కింద ఊతం లేకపోతే బరువుకి తొడిమ తెగిపోతుంది. ఆ ఊతానికి వీడు తన పాత ఖాకీ చొక్కాలు వాడాడు. చొక్కా చేతులు రెండూ పైన కర్రకి కట్టి, కింది అంచులు ముడేసి, లోపల పిందెను కూర్చోబెట్టి, బుద్ధిగా గుండీలు పెట్టేవాడు.

"ఏమిట్రా ఈ దిక్కుమాలిన అవతారం?" అని నేను తిడితే, "చూస్తూ ఉండక్కా, నా పొట్ట నాకంటే జోరుగా పెరుగుతుంది" అని పకపకా నవ్వేవాడు.

వాడు పోయిన రోజున ఆ చొక్కాల్లో ఉన్నవి పిడికిలంత పిందెలు. మనిషి పోతే వాటికేం పట్టింది? అవి పెరుగుతూనే ఉన్నాయి. నేను వెళ్ళిన ప్రతిసారీ చొక్కాలు ఇంకాస్త నిండి కనిపించేవి. సాయంత్రం మసక వెలుతురులో వంటింటి కిటికీలోంచి చూస్తే, గుండీల దగ్గర బిగుసుకుపోయి, అచ్చం మావాడి పొట్టలే. నేను ఆసుపత్రిలో నర్సుని, చావులు నాకు కొత్త కాదు. కానీ చచ్చిపోయినవాడి చొక్కా లావెక్కడం మాత్రం ఎక్కడా చూడలేదు.

ఆ ఇంట్లో కాయ కోయడానికి ఒక పద్ధతుంది. తమ్ముడి దగ్గరే ఉండే మా నాన్న బట్టల మిల్లులో, మగ్గాల రొదలో పనిచేసి పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. పక్కన పిడుగు పడ్డా వినపడదు. అయితే నడుస్తున్న మగ్గం మీద అరచేయి ఆనించి ఎక్కడ తేడా ఉందో చెప్పేసేవాడట. అందుకని తమ్ముడు కాయను ఒక పక్క వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గేవాడు, నాన్న రెండో పక్క అరచేయి పెట్టి కళ్ళు మూసుకునేవాడు. ఇద్దరూ పండిందంటేనే కోత. ఒకరు పండంటే ఒకరు పచ్చంటే ఇంక ఆ పూట ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండేది కాదు.

కర్బూజ పండితే దానంతటదే తొడిమ వదిలేస్తుంది. అవన్నీ ఆ చొక్కాల్లోనే ఊడి, ఇల్లంతా తియ్యటి వాసన కొట్టి, చివరికి చీమల పాలయ్యాయి. మా మరదలు, అదే తమ్ముడి భార్య, వాటిని ముట్టుకోలేదు. పుచ్చకాయ అలా కాదు, మనం కోస్తే తప్ప తీగను విడవదు. కాయల పక్కన మెలికల నులితీగలు ఎండిపోయి, పండాయని చెబుతున్నా, అవి అలాగే వేలాడుతున్నాయి.

"ఎందుకమ్మా ఇవి కూడా కుళ్ళబెట్టడం? కోసెయ్యరాదూ?" అన్నాను ఒకరోజు ఉండబట్టలేక.

మరదలు గుడ్డ పెట్టని కుట్టుమిషను తొక్కడం ఆపింది. "ఆయన ఇంకా చెప్పలేదు కదా వదినా."

"ఎవరు చెప్పలేదు?"

"రోజూ తెల్లారేటప్పటికి వచ్చి కొట్టి చూస్తున్నారు. టక్, టక్ మని. పండగానే చెప్తారు."

చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాను. "నువ్వు లేచి చూశావా?"

"అమ్మో, లేదు. చూస్తే మళ్ళీ రారేమో! గోడవైపు తిరిగి పడుకుని వింటాను. మీరు నమ్మరులెండి."

అప్పుడు పరీక్షగా చూశాను దాని మొహం. మొగుడు పోయినప్పటి నుంచి ఈ పిల్ల కంటతడి పెట్టలేదని అందరూ ఎంత గుండె నిబ్బరం అని మెచ్చుకున్నారు. నిబ్బరమా నా బొందా! మొగుడు పోయాడని అనుకుంటేగా ఏడవడానికి! కుట్టడానికి తెచ్చిన బట్టలు మూలన పడున్నాయి, తిండి లేక చేతి ఎముకలు తేలాయి. ఇలాగే వదిలేస్తే ఇది మనకు దక్కదని భయమేసింది. ఆ చప్పుడేదో, ఎలుకో పిల్లో, పట్టుకుని దీని కళ్ళముందు పెట్టాల్సిందే అనుకున్నాను. ఆ రాత్రి దాని పక్కనే పడుకున్నాను.

తెల్లారుతుండగా మెలకువ వచ్చింది.

టక్, టక్. కాస్త ఆగి, మళ్ళీ టక్.

ఎలుకా కాదు, పిల్లీ కాదు. మావాడు కొట్టే తీరే అది, రెండు దెబ్బలు, ఆగి ఒకటి. పక్కకి చూస్తే మరదలు గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని నవ్వుతోంది. చప్పుడుకంటే ఆ నవ్వుకే ఎక్కువ భయపడ్డాను.

వెనక తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. మంచులో చొక్కాలు వరసగా వేలాడుతున్నాయి. వాటిలో ఒక చొక్కా గుండీ విప్పి ఉంది. అందులోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది.

నాన్న. వసారాలో పడుకునే మనిషి, ఇంటి పక్క సందులోంచి చుట్టూ తిరిగి వచ్చాడన్నమాట. విప్పిన గుండీ మళ్ళీ పెట్టి, కాలరు సర్ది, పక్క చొక్కా దగ్గరికి వెళ్ళాడు. కుడిచేత్తో తనే కొడుతున్నాడు, ఎడమ అరచేయి తనే ఆనిస్తున్నాడు.

"నాన్నా" అన్నాను గుసగుసగా. ఏం లాభం? ఆయనకు వినపడాలంటే గొంతు చించుకుని అరవాలి. అరిస్తే లోపల ఆ పిల్ల వింటుంది. పట్టుకుని దాని కళ్ళముందు పెడతానని బయల్దేరిన మనిషినేగా నేను? తీరా పట్టుకున్నాక ఆ నవ్వు గుర్తొచ్చి మనసొప్పలేదు. చెప్పకుండా ఆపుదామని వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకున్నాను.

ఉలిక్కిపడ్డాడు. చెవులు లేనివాళ్ళకి తమ గొంతు ఎంతుందో తెలియదు కదా.

"నువ్వటే! చెప్పా పెట్టకుండా మీద పడతావేం?" అని కేకేశాడు. "రోజూ చూస్తూనే ఉన్నానే వీడి కాయల్ని. నా చేతికి సగమే తెలుస్తోంది. మిగతా సగం వినేవాడేడే? వాడు లేకుండా పండిందని నేనొక్కణ్ణీ ఎలా చెప్పనే?"

చేత్తో ఆయన నోరు మూశాను గానీ, అప్పటికే వీధి వీధంతా విని ఉంటుంది.

మరదలు గుమ్మంలో నిలబడి ఉంది. మమ్మల్ని కాదు, చొక్కాల్ని చూస్తోంది.

"అయితే ఆయన కాదన్నమాట" అంది.

ఆసుపత్రిలో ఎంతమందికి చావు కబుర్లు చెప్పానో లెక్కలేదు. ఒకే మనిషి చావు ఒకే మనిషికి రెండుసార్లు చెప్పింది మాత్రం ఇక్కడే. అది గడప మీద కూలబడి, ఇన్నాళ్ళదీ కలిపి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచుకోవాలి?

"ఏమైందే? నేనేం చేశాను?" అంటున్నాడు నాన్న. ఒళ్ళు మండి, ఆయన చెవి చూపించాను, కాయ చూపించాను, దాని కిటికీ చూపించాను. అర్థమయ్యాక ఆయన కాయ మీంచి చెయ్యి తీసేశాడు.

"దీనికి చప్పుడవుతుంది కదూ" అన్నాడు. "మర్చేపోయానే."

చాలాసేపటికి మరదలు లేచి మొహం తుడుచుకుంది. అన్నిటికంటే నిండుగా ఉన్న చొక్కా దగ్గరికి వెళ్ళి, పై గుండీ విప్పింది. నాన్న చెయ్యి తీసుకుని కాయకు ఒక పక్క పెట్టింది. రెండో పక్క తన వేలి కణుపుతో కొట్టింది.

నాన్న కళ్ళు మూసుకున్నాడు. "ఊఁ" అన్నాడు. "ఇంకోసారి కొట్టరా."

మరదలి వేలు గాల్లోనే ఆగిపోయింది. నావైపు చూసింది. అది మళ్ళీ కాయవైపు తిరిగి, రెండు దెబ్బలు కొట్టి, ఆగి, ఇంకొకటి కొట్టింది.

"పండిందిరా" అన్నాడు నాన్న కళ్ళు తెరవకుండానే. "నువ్వేమంటావ్?"

మామయ్యా అని తప్ప ఆయన్ని ఏనాడూ ఇంకోలా పిలవని పిల్ల, ఆ ఖాకీ గుడ్డకు చెంప ఆనించి చాలాసేపు విన్నది. ఆయనకు వినపడదని తెలిసీ, "పండింది నాన్నా" అంది.

మిషను మీది కత్తెర నేనే తెచ్చి ఇచ్చాను.