గాలిసుత్తికి దొరకని రాయి

నా మూత్రనాళంలో ఇరుక్కున్న రాయి రేగ్గాయంత ఉండేదని చాలామందికి చెప్పాను. దాన్నెలా పగలగొట్టాలో డాక్టరు నన్నే సలహా అడిగాడని కూడా చెప్పాను. రెండూ కోతలే. రాయి శనగగింజంత. సలహా ఎవరూ అడగలేదు, నేనే ఇచ్చాను.

మంగంపేట ముగ్గురాయి గనుల్లో పని మానేసి కర్నూల్లో ఉంటున్న రోజులవి, రెండువేల ఆరో ఏడో. రాయి అడ్డుపడి ఎడమ కిడ్నీ ఉబ్బిపోయింది. ఆలస్యమైతే కిడ్నీయే పోతుందన్నాడు డాక్టరు. కింది నుంచి సన్నని గొట్టం పంపి, గాలిసుత్తితో కొట్టడం ఒక పద్ధతి. లేజరుతో పొడి చేయడం ఇంకొకటి.

"మీ రాయి శానా పైన ఉండాది. సుత్తితో కొడితే జారి కిడ్నీలోకి పోవచ్చు. లేజరే మేలు," అన్నాడు.

"సార్, గాలి డ్రిల్లు పట్టుకోని బతికినోణ్ణి నేను. దానికి లొంగని రాయి యాడుండాది?"

పక్క మంచం మీద ఆత్మకూరు సాయిబు, దర్జీ, అంతకుముందు రోజే లేజరు చేయించుకున్నాడు. "ఏమప్పా, రాయి తీయించుకునేకి వచ్చినావా, ఈడ పని అడిగేకి వచ్చినావా?" అన్నాడు.

నేను వినలేదు, సుత్తితోనే కొట్టమన్నాను. గనిలో రాయి వెనక కొండంతా ఆనుకుని ఉంటుంది, దెబ్బ ఎటూ పోదు. నాళంలో రాయి వెనక ఉండేది నీళ్లే. ఆ సంగతి ఆపరేషన్ బల్ల మీద, నడుము కింద మొద్దుబారి పడుకున్నప్పుడు తట్టింది. టకటకమన్న చప్పుడు కాసేపటికే ఆగిపోయింది.

"పైకి పోయింది, పెద్దాయనా," అన్నాడు డాక్టరు.

మూత్రం దిగడానికి లోపల మెత్తటి గొట్టం ఒకటి పెట్టి పంపారు. నడిస్తే మంట, కూర్చుంటే పోటు, కునుకు పడితే లేవాలి. ఇక మిగిలింది ఒంటి బయటి నుంచి తరంగాలు పంపి రాయిని చితక్కొట్టడం. ఒకసారికి లొంగలేదు. ఆ ఎండల్లో, ఆటో గతుకుల్లో మళ్లీ పోయాను.

"గని పని ఇంకా ముగీలేదా?" అనేది మా ఆవిడ.

డాక్టరు చెప్పినట్టు మూత్రం పలుచని గుడ్డలో వడగట్టేవాళ్లం. ఒక పొద్దున గుడ్డలో ఇసుక కనిపించింది. ఆమె వెలుతురుకు పట్టి చూసింది.

"ఇంతేనా? దీనికేనా నన్నిన్ని తూర్లు తిప్పినావు?"

స్కానింగులో కిడ్నీ వాపు దిగింది. గొట్టం తీసేశారు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను. పలకరించడానికి వచ్చినవాళ్లతో ఏమీ చెప్పబుద్ధి కాలేదు. రేగ్గాయ కథ తర్వాతది, ఒంట్లోకి కాస్త ఓపిక వచ్చాక మొదలుపెట్టినది.